సాహసం సరే, సంచీ ఎవరు మోశారు?

గత మూడు నాలుగేళ్ళుగా తెలుగులో ఒక రకం యాత్రాకథనం బాగా పెరిగింది. భార్య, భర్త, చెరో వీపుసంచీ, దక్షిణ అమెరికా. లీమాలో విమానం దిగుతారు. కుస్కోలో తలనొప్పికి కోకా ఆకుల టీ తాగుతారు. నాలుగు రోజులు కొండల్లో నడిచి తెల్లారేసరికి మాచు పిచ్చు చేరతారు. అక్కణ్ణుంచి బస్సులో బొలీవియా. ఉయుని ఉప్పు మైదానంలో ఇద్దరూ చేతులు పట్టుకుని గాల్లోకి ఎగిరిన ఫొటో. ఆఖరి పేరాలో పర్వతాల ముందు మనిషి ఎంత అల్పుడో తెలుస్తుంది. శీర్షికలో 'సాహసం' అనే మాట మాత్రం తప్పదు.

ఇలాంటివి పత్రికల్లో వచ్చినా, ఫేస్‌బుక్‌లో పదకొండు భాగాలుగా వచ్చినా, వీడియోలుగా వచ్చినా నేను వదలను. రాత్రి ఆఫీసు కాల్స్ అయ్యాక అనకాపల్లిలో మా డాబా మీద కూర్చుని ఎన్ని చదివానో లెక్కలేదు. నేను మాత్రం ఆండీస్ వెళ్ళలేదు. "వెళ్ళనివాడికి ఇదంతా ఎందుకు, కుళ్ళు కాకపోతే!" అని ఎవరైనా అంటే అననివ్వండి. కాస్త కుళ్ళు ఉంటే ఉండొచ్చు కూడా. కానీ అచ్చయ్యాక అది యాత్ర కాదు, కథనం. దాని మీద మాట్లాడటానికి పాస్‌పోర్టులో ముద్రలు అక్కర్లేదు, చదివి ఉంటే చాలు.

చదివినవాడిగా నా ఫిర్యాదు ఇది. ఈ కథనాల్లో 'సాహసం' అనే మాట ఏదీ చెప్పడానికి వాడటం లేదు, దాచడానికి వాడుతున్నారు. బరువు మోసిన మనుషుల్ని ఆ మాట వెనక దాస్తున్నారు. అయిన ఖర్చునీ, తెరుచుకున్న గేట్లనీ దాస్తున్నారు. అన్నిటికంటే ఎక్కువగా, పక్కనే నడిచిన భార్యని దాస్తున్నారు.

మోత సంగతి ముందు చూద్దాం. మనవాళ్ళు ఎక్కువగా నడిచేది ఇన్కా ట్రెయిల్. సుమారు 43 కిలోమీటర్లు, నాలుగు రోజులు. 2000ల తొలి ఏళ్ళ నుంచి అక్కడ ఎవరూ సొంతంగా నడవడానికి వీల్లేదు. లైసెన్సు ఉన్న సంస్థ ద్వారా, పాస్‌పోర్టు నంబరుతో పర్మిట్ తీసుకుని, గైడు వెంట నడవాలి. రోజుకి 500 మందినే పంపుతారు. ఆ 500లో యాత్రికులు 200 మంది దాకా ఉంటారు. మిగతా 300 మంది ఎవరు? గైడ్లు, వంటవాళ్ళు, మోతగాళ్ళు. ఒక జంట నడుస్తోందంటే లెక్కప్రకారం వాళ్ళకోసం ఇంకో ముగ్గురు నడుస్తున్నారన్నమాట. గుడారాలు, గ్యాసు బండ, గిన్నెలు, మడత బల్లలు, ఆహారం, చాలాసార్లు యాత్రికుల పెద్ద సంచీలు కూడా వాళ్ళ వీపుల మీదే. యాత్రికులు బయల్దేరాక గుడారాలు విప్పుతారు, దారిలో వాళ్ళని దాటిపోతారు, వీళ్ళు చేరేసరికి గుడారాలు వేసి వేడినీళ్ళు పెట్టి ఉంచుతారు. ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ రైతులే. ఇంట్లో మాట్లాడేది క్వెచువా. వాళ్ళ వీపు మీద బరువు 20 కిలోలు దాటకూడదని పెరూలో 2001లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. దారిలో తూకం వేసే చోట్లున్నాయి. చట్టం చేసి తూకం పెట్టాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మన కథనాలు తిరగేయండి. గుడారం దానంతటదే లేచి నిలబడుతుంది. "సాయంత్రం క్యాంపు చేరేసరికి వేడివేడి సూప్ సిద్ధంగా ఉంది" అంటారు. ఎవరు సిద్ధం చేశారో ఉండదు. మహా అయితే "స్థానిక పోర్టర్లు చిరునవ్వుతో" అనే వాక్యం ఒకటి. చిరునవ్వు కనబడిన మనిషికి పేరు కనబడలేదు, కూలి కనబడలేదు, వీపు మీద ఎన్ని కిలోలున్నాయో కనబడలేదు. నాది బెల్లం ఊరు. మా మార్కెట్లో దిమ్మ ఏ రైతుది, ఎంత తూగింది, ఎంతకి పాట పోయింది, కళాసీ కూలి ఎంత అని అడిగితే చెప్పేవాళ్ళుంటారు, చీటీ ఉంటుంది. నాలుగు రోజుల్లో నలభై ఫొటోలు తీసి పదకొండు భాగాలు రాసినవాళ్ళ దగ్గర ఆ చీటీ లేదు!

పోనీ ఇది ఈ కాలపు సున్నితత్వం, పాతవాళ్ళెవరూ ఇలాంటివి పట్టించుకోలేదు అంటారా? మాచు పిచ్చుని 'కనుక్కున్న' హైరం బింగ్‌హామ్‌నే చూడండి. 1911 జులై 24 పొద్దున వాన పడుతోంది. కింద లోయలో ఉండే మెల్చోర్ ఆర్తేగా అనే రైతు కొండెక్కి చూపించడానికి మొదట ఒప్పుకోలేదు. ఒక సోల్, అంటే అప్పటి లెక్కలో 50 అమెరికన్ సెంట్లు, ఇస్తాననేసరికి కదిలాడు. పైకెళ్తే అక్కడ రిచార్తే, ఆల్వరెస్ కుటుంబాలు పాత మెట్టపొలాల్లో సాగు చేసుకుంటున్నాయి. వాళ్ళ పిల్లాడొకడు బింగ్‌హామ్‌ని వెంటబెట్టుకుని శిథిలాలు చూపించాడు. ఇదంతా రాసింది బింగ్‌హామే. తవ్వితీసిన వస్తువుల్ని యేల్ విశ్వవిద్యాలయానికి తరలించుకుపోయినవాడు, వాటిని వెనక్కి రప్పించుకోవడానికి పెరూకి దాదాపు నూరేళ్ళు పట్టేలా చేసినవాడు. అలాంటివాడు కూడా ఆర్తేగా పేరూ రాశాడు, ఇచ్చిన సోలూ రాశాడు. మనవాళ్ళ కథనం ఆ ఒక్క విషయంలో బింగ్‌హామ్ కంటే కూడా వెనకబడి ఉంది.

మన భాషలోనే ఇంకా పాత సాక్ష్యం ఉంది. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునే 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని ఉత్తర సర్కారుల మీదుగా, అంటే మా ప్రాంతం మీదుగానే, మద్రాసు చేరాడు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి రాసి పంపినవాటిని ఆయన పోయాక 1838లో ఆ మిత్రుడే అచ్చువేయించాడు. వీరాస్వామయ్య బీదయాత్రికుడేమీ కాదు. పల్లకీలు, బోయీలు, నౌకర్లు, సరంజామా, వందమంది దాకా పరివారం. కులం విషయంలో, అంతస్తు విషయంలో ఆయన కాలం మనిషే. కానీ ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ నాణెం ఎక్కడ చెల్లుతుంది, రేవు దాటడం ఎలా, బోయీలు ఎక్కడ దొరుకుతారు - వెనక వచ్చేవాడికి పనికొచ్చేవన్నీ రాశాడు. తన ప్రయాణం ఎవరి భుజాల మీద సాగిందో ఆ పుస్తకం దాచుకోదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే వీరాస్వామయ్యది లాగ్ ఫైలు. ఈ కొత్తవాళ్ళవి ప్రోడక్ట్ డెమోలు. డెమోలో ఏదీ క్రాష్ అవదు.

'సాహసం' అనే మాట గురించి కూడా ఒక ముక్క. ధర్మశాస్త్రాల్లో సాహసం వ్యవహార పదాల్లో ఒకటి. బలం చూపించి చేసే నేరం, దౌర్జన్యం, దోపిడీ అని అక్కడ అర్థం. దానికి దండన ఎంతో కూడా రాసిపెట్టారు. ఇప్పుడేమో పర్మిట్ తీసుకుని, ఇన్సూరెన్సు కట్టి, గైడు ముందు నడుస్తుంటే వెనక నడవడం సాహసం. మాటలకి అర్థాలు మారతాయి, అందులో తప్పులేదు. కానీ ఏటా ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణకి లక్షలమంది వస్తారు. 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండా, వానలో, రాత్రంతా నడుస్తారు. అరవై దాటిన మా అమ్మ కూడా నడిచింది. కాళ్ళు బొబ్బలెక్కి వచ్చి "మొక్కు తీరింది" అంది. సాహసం అనే మాట ఆవిడకి తట్టలేదు.

ఇక నన్ను ఎక్కువ బాధించే సంగతి. ఈ కథనాలన్నీ 'మేమిద్దరం' అని మొదలవుతాయి. తొంభై పాళ్ళు రాసేది భర్త. "మేమిద్దరం ఉత్సాహంగా", "మా ఇద్దరికీ మాటలు రాలేదు", "ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం". ఒక మనిషికి ఇంకో మనిషి కళ్ళూ కాళ్ళూ కడుపూ కూడా తెలిసిపోయినట్టు.

మా పెదనాన్నగారి అబ్బాయి, వదిన న్యూజెర్సీలో ఉంటారు. రెండేళ్ళ కిందట ఇదే దారిలో నడిచొచ్చారు. అన్నయ్య ధారావాహిక రాశాడు, బాగానే రాస్తాడు. దారిలో అన్నిటికంటే ఎత్తయిన కనుమ 4,215 మీటర్లు. నాలుగో భాగంలో "మేమిద్దరం ఒకరికొకరం ధైర్యం చెప్పుకుంటూ" ఆ కనుమ దాటారు. ఆ తర్వాత సంక్రాంతికి వచ్చినప్పుడు వదినని నేను ఊరికే అడిగాను, ఆ కనుమ ఎలా ఉంటుందని. ఆవిడ చెప్పిన యాత్ర వేరు. ముందురోజు రాత్రి, అనుకున్నదానికంటే అయిదు రోజులు ముందుగా నెలసరి వచ్చింది. గుడారం వేసిన చోట మరుగుదొడ్డి ఎలా ఉంటుందో, చీకట్లో అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళాల్సొచ్చిందో చెప్పింది. పొద్దున ఎక్కడం మొదలుపెట్టాక రెండుసార్లు వాంతి. వెలుతురు పోతుందని, ఫొటోలకని అన్నయ్య ముందు వెళ్ళిపోయాడు. వదిన ఒక రాయి మీద కూలబడిపోతే, టైర్లతో చేసిన చెప్పులేసుకున్న మోతగాడు, యాభై దాటి ఉంటాయట, తన మోత దించి పక్కన కూర్చున్నాడు. మున్యా అని ఒక ఆకు, మన పుదీనాలాంటిది, అరచేతిలో నలిపి వాసన చూపించాడు. ఆవిడ చిన్న సంచీ తీసి తన మోత మీద కట్టుకున్నాడు.

వదిన అక్కడ స్కూల్లో పనిచేస్తుంది కాబట్టి స్పానిష్ కొంచెం వచ్చు. అన్నయ్యకి రాదు. నాలుగు రోజులూ అందరితోనూ మాట్లాడింది ఆవిడే. ఆ పెద్దాయన పేరు, ఊరు, ముగ్గురు కూతుళ్ళ సంగతి, ఏ కూతురు ఏం చదువుతోందో ఆవిడకి తెలుసు. ఎవరితోనూ మాట్లాడలేనివాడు పదకొండు భాగాలు రాశాడు, అందరితో మాట్లాడినావిడ ఫొటోల్లో ఉంది!

"మరి నాలుగో భాగంలో ఇవేవీ లేవే వదినా?" అన్నాను.

"ఆ పూటంతా మేం మాట్లాడుకోలేదు బాబూ. చూడు, అక్కడ సూర్యాస్తమయం ఉంటుంది" అంది.

అప్పట్నుంచి ఏ దంపతుల యాత్ర చదువుతున్నా సూర్యాస్తమయం రాగానే నాకు అనుమానం. ఆ కనుమ పేరు క్వెచువాలో 'వార్మివన్యుస్క', అంటే చనిపోయిన స్త్రీ. దూరం నుంచి చూస్తే ఆ కొండ వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఉంటుందని ఆ పేరు. అన్నయ్య ఈ విశేషం రాశాడు. నేను చదివిన మిగతావాళ్ళూ చాలామంది రాశారు. ఒక్కరికీ దాని పక్కన వేరే ఆలోచన రాలేదు.

భాషలో ఇంకో తమాషా ఉంది. తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. వింటున్నవాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. స్పానిష్‌కి ఈ తేడా లేదు, ఇంగ్లీషుకీ లేదు. క్వెచువాకి ఉంది! అచ్చు మనలాగే రెండు మాటలు. ఆ కొండల్లో మూటలు మోసేవాడికీ, వెనక నడిచే తెలుగువాడికీ మధ్య ఇంత దగ్గరి చుట్టరికం ఉంటే ఒక్క యాత్రికుడు గమనించిన పాపాన పోలేదు. గమనించాలంటే ఆ మనిషితో మాట్లాడాలి కదా. మన 'మేమిద్దరం' అయితే పాఠకుణ్ణే కాదు, పక్కనున్న భార్యని కూడా బయట నిలబెట్టే మేము.

ఆడవాళ్ళు రాయక కాదు. పోతం జానకమ్మ 1870లలో ఇంగ్లండ్ వెళ్ళొచ్చి చూసింది చూసినట్టు రాసింది. 1876లో మద్రాసులో ఇంగ్లీషులో వచ్చిన ఆ పుస్తకం పేరు 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్', తెలుగు నుంచి అనువాదమని దానిమీదే ఉంది. నాయని కృష్ణకుమారి విద్యార్థినులతో కాశ్మీర్ వెళ్ళొచ్చి 'కాశ్మీర దీపకళిక' రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ చెప్పిన ఆచార్య ఆదినారాయణ, 'భ్రమణకాంక్ష'తో కాలినడకని మళ్ళీ తెలుగు పాఠకుల ముందుకు తెచ్చినాయన, 'స్త్రీ యాత్రికులు' అని ఆడవాళ్ళ ప్రయాణాల మీద ఒక పుస్తకమే వేశారు. ఇంత ఉండీ దంపతుల యాత్ర అనేసరికి కలం భర్త చేతిలోకీ, కెమెరా ముందు స్థలం భార్యకీ ఎందుకు వెళ్ళిపోతున్నాయో నాకు అర్థం కాదు. అర్థం కాకపోవడమేం, అవుతుంది. యాత్ర అతనిది, ఆవిడ అందులో ఒక దృశ్యం.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పను. ఎవరి జీతం వాళ్ళిష్టం. కానీ "మనసుంటే ఎవరైనా వెళ్ళొచ్చు, రేపే ఉద్యోగానికి సెలవు పెట్టండి" అని పాఠకుడికి ఉపదేశం చేసేటప్పుడు ఒక చిన్న వివరం చెప్పాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు పెరూ వెళ్ళాలంటే వీసా కావాలి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల వీసా ఆరునెలల గడువుతో చేతిలో ఉంటే అక్కర్లేదు. అంటే న్యూజెర్సీ నుంచి బయల్దేరే తెలుగు జంటకి తెరుచుకునే గేటు, నక్కపల్లి నుంచి బయల్దేరే జంట ముందు మూసి ఉంటుంది. మనసు ఇద్దరికీ ఉంది. ఈ మాట రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాకు ఎక్కడా దొరకలేదు. వదిన హెచ్‌4 మీద ఉన్నన్నాళ్ళూ, ఉద్యోగం చేసే అనుమతి వచ్చేదాకా, ఆ అమెరికా వీసా కూడా భర్త ఉద్యోగానికి వేలాడుతూ ఉండేదే. ఆవిడ 'స్వేచ్ఛగా రెక్కలు విప్పిన' యాత్రలో ఇదీ ఒక భాగమే.

ఇక్కడికొచ్చేసరికి నాకు ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది. "నీ పక్కనే ఏజెన్సీలో రోడ్డు లేక డోలీ మోస్తుంటే, ఆండీస్ కూలీల గురించి మాట్లాడతావా?" ఒకాయన కోపంగానే అన్నాడు. నేను తిరగేసి అడుగుతాను. మా అనకాపల్లి జిల్లా కొండ శివారు గూడేల్లో, పైన పాడేరు వైపు, పురిటి నొప్పులొచ్చిన ఆడమనిషిని కర్రకి దుప్పటి కట్టి భుజాల మీద రోడ్డు దాకా మోసుకురావడం ఇప్పటికీ పేపర్లో వచ్చే వార్తే. అది జిల్లా పేజీలో మూల వార్త. దాన్నెవరూ సాహసయాత్ర అనరు, అనకూడదు కూడా. నేను ఎవర్నీ ఆండీస్ మానేసి డోలీ మొయ్యమనడం లేదు. పేదరికం ఉంది కాబట్టి ప్రయాణాలు మానేయాలనే వాదన నాకు గిట్టదు. అలాగైతే ఎవరూ ఎక్కడికీ కదలకూడదు, పుస్తకాలూ చదవకూడదు. నేననేది చూపు గురించి. కొండ మీద బరువు మోసే మనిషిని ఇంటి దగ్గర చూసి ఉన్నవాడికి కుస్కోలో ఆ మనిషి కనబడాలి కదా? అల్లూరి జిల్లా పక్కన పుట్టి, కొండ దిగే కావిడి చూసి పెరిగి, పదిహేడు వేల కిలోమీటర్ల అవతల అదే కొండ, అదే వీపు ఎదురైతే, రాసింది మాత్రం సూప్ రుచి గురించి.

నిజంగా ప్రమాదం గురించి రాయాలంటే ఆండీస్‌కీ తెలుగువాళ్ళకీ మధ్య ఒక పేరుంది. మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘం ఆయన ఊరు. చదివింది మా ఉత్తరాంధ్రలో, కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఆ స్కూల్లోనే అంతకుముందు చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985 సైనిక ఎవరెస్టు యాత్రలో చనిపోయాడు. స్కూల్లో ఆయన విగ్రహం చూసి మస్తాన్‌బాబుకి కొండల పిచ్చి పట్టిందంటారు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీ, మధ్యలో సత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కలకత్తా ఐఐఎం. 2006లో ఏడు ఖండాల్లో ఏడు ఎత్తయిన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ శిఖరాల మీదికి ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. ఏప్రిల్ 3న మంచులో ఆయన శవం కనబడింది. ఆయనకి నలభై ఏళ్ళు.

నావాడే అనిపిస్తాడు, వృత్తి రీత్యా. అందుకే ఆయన్ని స్ఫూర్తి పోస్టరు చేసి ఐఐటీ, ఐఐఎం, 172 అనే అంకెల కింద పాతిపెట్టడం కూడా నాకు నచ్చదు. కానీ ఆండీస్ మీద రాసే తెలుగువాళ్ళు 'మృత్యువు అంచున' అని ఉపశీర్షిక పెడతారే, నేను చదివినవాటిలో ఒక్కరూ ఆయన పేరెత్తలేదు. ఒక శవాన్ని పర్వతం మీంచి కిందికి దించడానికి ఎంతమంది మనుషులు, ఏ దేశంవాళ్ళు, ఎన్ని రోజులు కష్టపడాలో తెలిస్తే, టూరిస్టు బాట మీద కాలు జారి మోకాలు చెక్కుకుపోయినదాన్ని మృత్యువుతో ముడిపెట్టబుద్ధి కాదు. పోనీ మన మాలావత్ పూర్ణ పేరయినా వస్తుందా? ఆండీస్‌లో అన్నిటికంటే ఎత్తయిన అకాంకగువా, 6,961 మీటర్లు, ఎక్కిన నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల. ఆవిడా లేదు. వీళ్ళ కథనాల్లో ఆండీస్‌కి వెళ్ళిన మొదటి తెలుగువాళ్ళు ఎప్పుడూ వీళ్ళే.

ఒక చిన్న పితూరీ, అనకాపల్లివాడిగా. ఆ కొండల్లో మన బెల్లం ఉంది. కొలంబియా, ఈక్వెడార్‌లలో 'పనేలా' అంటారు, పెరూలో 'చంకాకా'. చెరకు ఆడి, రసం పెనాల్లో కాచి, దిమ్మలు పోస్తారు. బెల్లం ఎక్కువ వండే దేశాల్లో మన తర్వాత చెప్పుకునేది కొలంబియానే. గానుగ దగ్గర వేడి పాకం, పొయ్యిలో ఎండు పిప్పి, చుట్టూ మూగే ఈగలు, అన్నీ మా మునగపాక వైపు ఊళ్ళలో కనబడేవే. ఇరవై కథనాలు చదివాను. లామాలు ఇరవైలోనూ ఉన్నాయి. బెల్లం ఒక్కదాంట్లోనూ లేదు. గోధుమరంగు ముక్కని 'సేంద్రియ చక్కెర' అని రాసినాయన మాత్రం ఒకాయన ఉన్నాడు. చెరకు పండే జిల్లాలో పుట్టినాయనే పాపం.

ఆండీస్ వెళ్ళొద్దని కాదు, బోలెడుమంది వెళ్ళాలి. పత్రికల సంపాదకులకి మాత్రం ఒక విన్నపం. ఈసారి ఇలాంటి రచన వస్తే వెంటనే అచ్చు వెయ్యకండి, నాలుగు ప్రశ్నలు రాసి వెనక్కి పంపండి. సంచీ ఎన్ని కిలోలు, ఎవరు మోశారు? ఆ మనిషికి రోజుకి ఎంత ఇచ్చారు, మీ సంస్థకి ఎంత కట్టారు? మీరు ఏ భాషలో మాట్లాడారు, ఎవరు మాట్లాడారు? ఈ రచనని మీ ఆవిడ చదివారా, చదివితే ఏ వాక్యం కొట్టేయమన్నారు?

వదినకి ఈ వ్యాసం పంపాను. తన సంగతులు ఇందులో రాయడానికి ఒప్పుకుంది, ఆ పెద్దాయన పేరు మాత్రం నన్ను రాయొద్దంది, తనే రాస్తుందట. అన్నయ్య ఫొటోలు వాడేది లేదని కూడా చెప్పింది.